భర్త పాస్‌పోర్టు నీడలో నివాస హక్కు

(స్త్రీల హక్కులపై పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే మీలో కొందరికి ఇది మనది కాని గొడవ అనిపించి ఉండొచ్చు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉంటే మనకేమిటి, బయటికి పోతే మనకేమిటి అని. కానీ ఒక దేశం ఒక కూటమిలోంచి బయటికి వచ్చినప్పుడు, ఆ కూటమి చట్టాన్ని నమ్ముకుని బతుకుతున్న మనుషులు ఏమవుతారు? వాళ్ళలోనూ తన పేరు మీద ఏ హక్కూ లేకుండా, ఫలానా ఆయన భార్య అన్న ఒక్క బంధం మీద అక్కడ ఉంటున్న స్త్రీ ఏమవుతుంది? పట్టాదారు పాసు పుస్తకంలో పేరు కోసం ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. దేశం వేరు, కాగితం వేరు, అంతే.

ముందు జరిగిందేమిటో చెప్తాను. బ్రిటన్ 1973 జనవరి 1న అప్పటి యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. 2016 జూన్ 23న ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 51.9 శాతం మంది బయటికి పోదామన్నారు. 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బయటికి వచ్చేసింది. పాత చట్టం మాత్రం ఆ సంవత్సరం డిసెంబర్ 31 దాకా నడిచింది. ఈ డిసెంబర్ 31 తేదీని గుర్తుపెట్టుకోండి. ఇవాళ మాట్లాడే చాలా బతుకులు ఆ తేదీకి ఇటో అటో పడి తేలినవే.

యూనియన్ చట్టంలో ముఖ్యమైనది మనుషులు స్వేచ్ఛగా తిరిగే హక్కు. సభ్యదేశపు పౌరుడు ఇంకో సభ్యదేశానికి వెళ్ళి పని చేసుకోవచ్చు, వెంట కుటుంబాన్నీ తీసుకుపోవచ్చు. ఆ కుటుంబ సభ్యులు యూరప్ వాళ్ళే కానక్కర్లేదు. 2004లో చేసిన 38వ నంబరు ఆదేశం ప్రకారం భార్య లేదా భర్త, 21 ఏళ్ళ లోపు పిల్లలు, ఆధారపడి ఉన్న తల్లిదండ్రులు, వీళ్ళు ఏ దేశం వాళ్ళైనా సరే, ఆ పౌరుడితో పాటు ఉండొచ్చు. మన భారతీయులు ఇందులోకి ఎలా వచ్చారంటే, గోవా, డామన్, డయ్యూలు 1961 డిసెంబర్ దాకా పోర్చుగల్ పాలనలో ఉండేవి. అంతకుముందు అక్కడ పుట్టినవాళ్ళూ వాళ్ళ సంతతీ పోర్చుగీసు పౌరసత్వం తీసుకోవచ్చు. అలా తీసుకున్న కుటుంబాలు ఎన్నో ఇంగ్లండులో స్విండన్, సౌతాల్ లాంటి చోట్ల స్థిరపడ్డాయి. భర్త చేతిలో పోర్చుగల్ పాస్‌పోర్టు, భార్య చేతిలో భారత పాస్‌పోర్టు. ఐర్లండులోనో నెదర్లాండ్స్‌లోనో ఏళ్ళ తరబడి పనిచేసి అక్కడి పౌరులై, ఆ తర్వాత లండన్ చేరిన తెలుగు మగవాళ్ళ భార్యల పరిస్థితీ ఇదే.

విచిత్రమేమిటంటే, విదేశీ భార్యల విషయంలో యూనియన్ చట్టం బ్రిటన్ సొంత చట్టం కంటే ఎంతో మెరుగు. బ్రిటన్ సొంత చట్టం ఎలాంటిదో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 1979 జనవరిలో లండన్ హీత్రూ విమానాశ్రయంలో పెళ్ళి కోసం వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి కన్యాత్వ పరీక్ష చేశారు. నిజంగా కాబోయే పెళ్ళికూతురేనా, ఇప్పటికే భార్యా అని తేల్చుకోవడానికట! పత్రికలకెక్కి, ఇక్కడా అక్కడా గొడవ అయ్యాక ఆపేశారు. రెండోది 1985 నాటిది. అప్పటి రూల్స్‌లో అక్కడ స్థిరపడిన మగవాడు భార్యను తెచ్చుకోవడం తేలిక, స్త్రీ భర్తను తెచ్చుకోవడం కష్టం. ముగ్గురు స్త్రీలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. ఇది ఇది లింగ వివక్షేనని ఆ ఏడు మే 28న కోర్టు తేల్చింది. సంతోషించాల్సిందే. అయితే ప్రభుత్వం సమానత్వం ఎలా తెచ్చిందో తెలుసా? స్త్రీలకు దారి తేలిక చెయ్యలేదు, భార్యలను తెచ్చుకోవడం కూడా కష్టం చేసింది. సమానత్వం అన్న మాటను ప్రభుత్వాలు ఎలా మింగి ఎలా కక్కుతాయో తెలియాలంటే ఈ తీర్పు కథ పదిసార్లు చెప్పుకోవాలి.

ఆ కోర్టు వేరు, యూనియన్ కోర్టు వేరు. లక్సెంబర్గ్‌లో ఉండే యూనియన్ కోర్టు అదే 1985 ఫిబ్రవరిలో ఒక మంచి తీర్పు ఇచ్చింది. ఒక సెనెగల్ స్త్రీ, ఫ్రెంచి భర్త, బెర్లిన్‌లో కాపురం. ఆమె భర్త నుంచి విడిగా వేరే ఇంట్లో ఉంటోంది, విడాకులు తీసుకునే ఉద్దేశంతోనే ఉంది. కలిసి కాపురం చెయ్యడం లేదు కాబట్టి నీకు హక్కు లేదు పొమ్మన్నారు అధికారులు. కోర్టు ఒప్పుకోలేదు. ఒకే కప్పు కింద ఉండాలని చట్టంలో లేదు, విడాకులు పూర్తయ్యేదాకా పెళ్ళి ఉన్నట్టే అంది. భార్యను ఇంట్లోంచి తరిమేసినంత తేలిగ్గా దేశంలోంచి తరమలేరన్నమాట. 1992లో ఇంకో తీర్పు ఒక భారతీయుడి కేసులో వచ్చింది. అతని భార్య బ్రిటిష్ పౌరురాలు. ఇద్దరూ జర్మనీ వెళ్ళి పనిచేసి, తిరిగి ఇంగ్లండు వచ్చి వ్యాపారం పెట్టుకున్నారు. సొంత దేశానికే తిరిగొచ్చింది కాబట్టి ఇక్కడ యూనియన్ చట్టం పనికిరాదు, మా రూల్సే అంది బ్రిటన్. బయటికి వెళ్ళి పనిచేసిన మనిషి తిరిగి వచ్చినప్పుడు ఆ హక్కులతోనే తిరిగి వస్తుందని కోర్టు చెప్పింది. ఆ తర్వాత సొంత దేశపు రూల్స్ భరించలేని బ్రిటిష్ పౌరులు కొందరు ఐర్లండుకో జర్మనీకో వెళ్ళి కొన్నాళ్ళు పనిచేసి, విదేశీ భార్యనో భర్తనో వెంటబెట్టుకుని తిరిగి రావడం మొదలైంది. తన ఇంటికి తను దొడ్డిదారిన రావడం లాంటిది.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన విషయానికి వస్తాను, హింస. 2004 ఆదేశంలో 13వ అధికరణం ఉంది. విడాకులైనా విదేశీ భార్య ఉండిపోయే సందర్భాలు అందులో చెప్పారు. పెళ్ళయి మూడేళ్ళయి, అందులో ఒక ఏడాది ఆ దేశంలో గడిపి ఉండాలి. లేదా పిల్లలు ఆమె దగ్గర ఉండాలి. లేదా కాపురంలో గృహహింస లాంటి కష్ట పరిస్థితులు ఉండి ఉండాలి. చదవడానికి బాగానే ఉంది. ఆచరణలో ఏమయిందో చూడండి. ఒక పాకిస్తానీ స్త్రీ జర్మన్ పౌరుణ్ణి చేసుకుని 2004లో బ్రిటన్ వచ్చింది. భర్త కొట్టేవాడు. 2006 డిసెంబర్‌లో అతను ఆమెనూ పిల్లనూ వదిలేసి దేశం విడిచి పోయాడు, అప్పటికి ఆమె రెండో బిడ్డ కడుపుతో ఉంది. ఆమె విడాకులకు వేసుకున్నది 2008లో. 2016 జూన్ 30న, అంటే బ్రిటన్ ఓటింగ్ జరిగిన వారానికి, యూనియన్ కోర్టు తీర్పు చెప్పింది. విడాకుల కేసు మొదలయ్యేనాటికి భర్త ఆ దేశంలో లేడు కాబట్టి హింస కారణంగా ఉండిపోయే హక్కు ఆమెకు లేదంది. చివరికి ఆమె పిల్లలు అక్కడి బడిలో చదువుతున్నారన్న వేరే కారణం మీద నిలబడగలిగింది. అంటే కొట్టినవాడు విమానం ఎక్కి వెళ్ళిపోతే చాలు, దెబ్బలు తిన్నదాని హక్కు అతనితోపాటే విమానం ఎక్కుతుంది! కొట్టిన మొగుడు ఊళ్ళో ఉండగానే పరుగున పోయి కోర్టులో కాగితం పెట్టాలని చెప్పేవాళ్ళకు ఇళ్ళలో హింస ఎలా జరుగుతుందో తెలియదనుకోవాలి. ఈ తప్పును ఆ కోర్టే 2021 సెప్టెంబర్ 2న, బెల్జియం నుంచి వచ్చిన కేసులో దిద్దుకుంది. భర్తో భార్యో వెళ్ళిపోయాక కూడా తగిన వ్యవధిలో విడాకులకు వేస్తే హక్కు నిలుస్తుందని అంది. కానీ అప్పటికి బ్రిటన్‌లో పాత చట్టం ఆగిపోయి ఎనిమిది నెలలు దాటింది. ఆ దిద్దుబాటును పాటించి తీరాలన్న బాధ్యత బ్రిటన్‌కు లేదు.

విడిపోయేటప్పుడు రెండు పక్షాలూ ఒప్పందం రాసుకున్నాయి. అందులో రెండో భాగమంతా పౌరుల హక్కులే. 2020 డిసెంబర్ 31 నాటికి చట్టబద్ధంగా ఉంటున్నవాళ్ళ హక్కులు బతికున్నంత కాలం కొనసాగుతాయన్నారు. ఆ తేదీకి ముందే బంధం ఉన్న భార్య, పిల్లలు, ఆధారపడ్డ తల్లిదండ్రులు తర్వాతైనా వచ్చి చేరవచ్చన్నారు. తర్వాత పుట్టే పిల్లలకూ ఉంది. బాగుంది కదా అనుకుంటారు. మెలిక 18వ అధికరణంలో ఉంది. అంతకుముందు దగ్గరి కుటుంబ సభ్యులకు హక్కు చట్టంలోంచే వచ్చేది, కార్డు అనేది ఉన్న హక్కుకు రుజువు మాత్రమే. కార్డు పోయినా హక్కు పోదు. ఇప్పుడు దరఖాస్తు పెట్టుకుని మంజూరైతేనే హక్కు పుడుతుంది. ఈ పద్ధతి ఎంచుకునే వీలు ఒప్పందం ఇచ్చింది, బ్రిటన్ ఎంచుకుంది. అటువైపు ఫ్రాన్స్, నెదర్లాండ్స్, డెన్మార్క్ వంటివీ బ్రిటిష్ వాళ్ళ విషయంలో ఇదే ఎంచుకున్నాయి. జర్మనీ, స్పెయిన్, ఇటలీ పాత పద్ధతిలోనే ఉంచాయి. కాబట్టి ఇది తప్పనిసరి ఏమీ కాదు. చెయ్యదలుచుకుంటే చెయ్యొచ్చు, అంతే.

ఆ పథకం పేరు ఈయూ సెటిల్‌మెంట్ స్కీం. 2019 మార్చి 30న పూర్తిగా మొదలైంది. మొదట 65 పౌండ్ల ఫీజు అన్నారు, గొడవ చేస్తే జనవరిలోనే ఎత్తేశారు. గడువు 2021 జూన్ 30. అయిదేళ్ళు నిండినవాళ్ళకు సెటిల్డ్ స్టేటస్, అంటే స్థిర నివాసం. నిండనివాళ్ళకు ప్రీ-సెటిల్డ్, అంటే తాత్కాలికం. ప్రభుత్వం అనుకున్నది ముప్పై, నలభై లక్షల మంది. చివరికి 50 లక్షలకు పైగా మందికి స్టేటస్ ఇవ్వాల్సి వచ్చింది. ఎవరున్నారో లెక్క కూడా తెలియకుండా గడువు పెట్టినవాళ్ళు, గడువు తప్పినవాళ్ళను మాత్రం నేరస్తుల్లా చూస్తారు. గడువు తప్పేది ఎవరు? ముసలివాళ్ళు, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు, ఇంగ్లీషు రాని ఇల్లాళ్ళు. భర్త "నేను చూసుకుంటాలే" అంటే నమ్మి కూర్చున్నవాళ్ళు. ఆలస్యానికి సరైన కారణం చూపితే తీసుకుంటామన్నారు. 2023 ఆగస్టు 9 నుంచి ఆ కారణాన్ని ముందే తూచి, నచ్చకపోతే దరఖాస్తునే లెక్కలోకి తీసుకోకుండా పక్కన పడేస్తున్నారు. దరఖాస్తును తిరస్కరిస్తే అప్పీలుంటుంది. తీసుకోకపోతే అప్పీలే ఉండదు. ఈ తేడా మనకు స్టేషన్లలో బాగా తెలుసు, ఎఫ్ఐఆర్ కట్టకపోతే కేసే లేనట్టు.

పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్నవాళ్ళ సంగతి ఇంకా కష్టం. వాళ్ళకు 2020 లోపే కార్డో, దానికి దరఖాస్తో ఉండి ఉండాలి. కోవిడ్ వల్ల పెళ్ళి రిజిస్ట్రీ ఆఫీసులు మూతపడి, 2020లో జరగాల్సిన పెళ్ళి 2021లో జరిగిన ఒక జంట కేసు 2022లో ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది. పెళ్ళి డిసెంబర్ 31 దాటింది కాబట్టి ఒప్పందంలోని హక్కు రాదని తీర్పు. మరుసటి ఏడు అప్పీల్ కోర్టూ అదే చెప్పింది. ఆ తేదీ తర్వాత బంధం కలుపుకున్నవాళ్ళు బ్రిటన్ మామూలు రూల్స్ కిందికి వస్తారు. అంటే భార్యను తెచ్చుకోవాలంటే ఇంత ఆదాయం చూపించాలి. 2012లో ఏడాదికి 18,600 పౌండ్లు అన్నది 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000 చేశారు. వీసా ఫీజు, ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య రుసుము వేరే. ఇళ్ళలో ముసలివాళ్ళను చూసుకునే పనిలో, వంటగదుల్లో, ఊడ్పు పనిలో ఉన్న స్త్రీకి 29,000 ఎక్కడినుంచి వస్తుంది? చట్టం భాషలో ఆడామగా తేడా లేదు. జీతాల్లో ఉంది కదా.

ప్రీ-సెటిల్డ్ అయిదేళ్ళకు ఇచ్చారు. ఆ లోపల మళ్ళీ దరఖాస్తు పెట్టుకోకపోతే మొత్తం పోతుందని మొదటి రూలు. ఒప్పందం అమలును చూడటానికి పెట్టిన స్వతంత్ర పర్యవేక్షణ సంస్థే ప్రభుత్వం మీద కోర్టుకు వెళ్ళింది. 2022 డిసెంబర్ 21న లండన్ హైకోర్టు, ఒకసారి వచ్చిన హక్కు రెండో దరఖాస్తు పెట్టలేదని పోదని తీర్పు చెప్పింది. ఆ తర్వాతే గడువులను వాటంతటవే పొడిగించడం మొదలైంది. ఇంకో సంగతి, అయిదేళ్ళు ఎడతెగకుండా ఉండాలన్నారు. ఏ పన్నెండు నెలల్లోనూ ఆరు నెలలకు మించి బయట ఉండకూడదు. మన ఆడపిల్ల ఏడో నెలలో పుట్టింటికి వచ్చి, బిడ్డకు అయిదో నెలో ఆరో నెలో వచ్చాక గాని వెళ్ళదు. ఆ ఒక్క పురుడు చాలు లెక్క తెగడానికి. కాన్పు లాంటి ముఖ్యమైన కారణానికి ఒకసారి ఏడాది దాకా మినహాయింపు ఉందని చాలామందికి తెలియదు. రెండో కాన్పుకు ఏమిటని అడిగితే జవాబు లేదు. 2025 జూలై నుంచి ఈ లెక్క సడలించి, చివరి అరవై నెలల్లో మొత్తం ముప్పై నెలలు ఉంటే సెటిల్డ్ ఇస్తున్నారు. మీకు ఉత్తరాలు రాసే వాళ్ళెవరైనా పాత లెక్క చూసుకుని ఆశ వదిలేసుకుంటే ఈ మాట చెప్పండి.

స్టేటస్ ఇప్పుడు కాగితం మీద లేదు. అంతా కంప్యూటర్లోనే. విదేశీ కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్లాస్టిక్ కార్డులు కూడా 2024 చివరికల్లా ముగిశాయి. ఉద్యోగంలో చేరాలన్నా, ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా ఒక కోడ్ తీసి చూపించాలి. ఆ అకౌంటు ఎవరి ఫోను నంబరుతో, ఎవరి ఈమెయిలుతో తెరిచారు? దరఖాస్తు నింపిన భర్తది. ఇంట్లోంచి బయటపడిన స్త్రీకి తన హక్కు ఉందని తెలుసు, కానీ దానికి తాళంచెవి కొట్టినవాడి జేబులో ఉంది. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసే పద్ధతికి ఇది కొత్త రూపం. అకౌంటు వివరాలు మార్చుకునే వీలుంది. అడిగి చేయించుకోవాలి.

అంతా చెడే అంటే అబద్ధం. ఈ పథకంలో హింసకు గురైనవాళ్ళ నిబంధన పాత ఆదేశం కంటే ఒక విషయంలో విశాలంగా ఉంది. విడాకులు పూర్తికానక్కర్లేదు, బంధం తెగిపోయిందని చూపితే చాలు. భార్యకే కాదు, ఆ ఇంట్లో హింసకు గురైన ఆధారపడ్డ తల్లికీ వర్తిస్తుంది. భర్త పాస్‌పోర్టు వివరాలు తేలేని పరిస్థితిలో వేరే ఆధారాలు చూస్తారు. ఇవి ఊరికే రాలేదు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంఘం 1979 నుంచి అక్కడి ఆసియా, ఆఫ్రికా స్త్రీల మధ్య పనిచేస్తోంది. భార్య వీసా మీద వచ్చినామె ఏడాది లోపు భర్తను వదిలితే వెనక్కి పంపేసే రూలు మీద వాళ్ళూ మరికొందరూ ఏళ్ళపాటు పోరాడితే 1999లో మొదటి మినహాయింపు వచ్చింది. ఆ పోరాటం వేసిన దారే ఇది. 2023 నవంబర్‌లో అప్పీల్ కోర్టు, భర్త హింస నుంచి చిన్న కూతురితో తప్పించుకున్న ఒక రుమేనియా స్త్రీకి సంక్షేమ సహాయం నిరాకరించడం చెల్లదంది. ప్రీ-సెటిల్డ్ ఉన్న మనిషిని గౌరవంగా బతకలేని స్థితికి నెట్టకూడదని ఆ తీర్పు సారాంశం.

కొందరికి దారి మూసుకుపోయింది కూడా. బ్రిటిష్ బిడ్డను పెంచుతున్న విదేశీ తల్లిని పంపేస్తే బిడ్డా వెళ్ళిపోవాల్సి వస్తుంది కాబట్టి ఆమెకు ఉండే హక్కు ఉందన్న సూత్రం 2011 మార్చి 8న, సరిగ్గా మన మహిళా దినం రోజున, యూనియన్ కోర్టు తీర్పుతో వచ్చింది. ఇలా ఉంటున్నవాళ్ళలో ఎక్కువమంది ఒంటరి తల్లులు. ఈ హక్కు విడిపోయే ఒప్పందంలో లేదు. బ్రిటన్ తనంతట తాను పథకంలో చేర్చింది, 2023 ఆగస్టు 8న కొత్త దరఖాస్తులకు మూసేసింది. ఇందాక చెప్పిన 1992 తీర్పు దారి కూడా చాలామందికి 2022 మార్చి 29తోనే అయిపోయింది. దయతో ఇచ్చింది తీసేసుకోవడానికి ఒక ప్రకటన చాలు.

ఇక్కడ మన దగ్గరికి వచ్చే కేసులు వేరే రకం. సెలవులకని తీసుకొచ్చి, పుట్టింట్లో దింపి, పాస్‌పోర్టు పట్టుకుని భర్త ఒక్కడే వెళ్ళిపోతాడు. అక్కడి హింస నిబంధనలన్నీ అక్కడ ఉన్నవాళ్ళకేనని, బయట ఉన్నదానికి వర్తించవని చాలాకాలం అన్నారు. 2022 అక్టోబర్‌లో లండన్ హైకోర్టు, ఇలా బయటి దేశంలో వదిలేసిన భార్యల్ని వేరుగా చూడటం వివక్ష అని చెప్పింది. 2024 జనవరి 31 నుంచి బ్రిటన్ బయట ఉండే దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించారు. భర్త బ్రిటిష్ పౌరుడైనా, అక్కడ స్థిరపడినవాడైనా, ప్రీ-సెటిల్డ్ స్టేటస్ ఉన్నవాడైనా ఆమె భార్యగా వీసా మీద వెళ్ళి ఉంటే పరిశీలించాలి. కాబట్టి అలాంటి అమ్మాయి మీ దగ్గరికి వస్తే, "పెద్దమనుషుల్లో పెడదాం" అనే ముందు ఆమె ఏ వీసా మీద వెళ్ళింది, భర్తది ఏ దేశం పాస్‌పోర్టు, స్టేటస్ ఎప్పుడు వచ్చింది, ఇక్కడ దిగిన తేదీ ఏది, అడిగి రాసుకోండి. విమాన టికెట్టు, పాస్‌పోర్టు జిరాక్సు, పాత కార్డు ఫోటో, వాట్సప్‌లో అతను పెట్టిన బెదిరింపులు, ఏదీ పారేయనివ్వొద్దు. పాస్‌పోర్టు పట్టుకుపోతే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇప్పించి, నకలు తీసుకోండి. ఆ తేదీయే రేపు అక్కడ సాక్ష్యం. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై భార్యల కోసం ప్రత్యేక విభాగం ఉంది, అక్కడా ఒక ఫిర్యాదు పడాలి. అక్కడి చట్టం గురించి సలహా మాత్రం అక్కడ అనుమతి ఉన్న సలహాదారు దగ్గరే తీసుకోండి. ఇక్కడ బోర్డు కట్టుకున్న వీసా కన్సల్టెన్సీల మాట నమ్మి డబ్బు కట్టి గడువు పోగొట్టుకోనివ్వకండి.

సమయం మించిపోయింది. మీ జిల్లాల్లో ఇలాంటి కేసులున్నవాళ్ళు ముందు మాట్లాడండి, మిగతా ప్రశ్నలు తర్వాత తీసుకుందాం.